వయసుకు వంద కలిపితే బీపీ లెక్క తేలదు

ఈ మెసేజ్ మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. ‘వయసుకు వంద కలపండి, బీపీ అంతవరకూ ఉంటే నార్మలే. 140 దాటితే జబ్బనేది మందుల కంపెనీల మాట. ఒంట్లో ఇబ్బంది లేకపోతే మాత్ర అక్కర్లేదు, మొదలుపెడితే జీవితాంతం వదలదు, పైగా కిడ్నీలు పోతాయి. ఆస్పత్రిలో చూసే బీపీ అంతా టెన్షన్ వల్లే.’ ఇది చదివి నిక్షేపంగా వేసుకుంటున్న మాత్రలు ఆపేసేవాళ్లున్నారు. అందుకే ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, వయసు ప్లస్ వంద. ఇది నిన్న మొన్న పుట్టిన లెక్క కాదు, ఒకప్పుడు డాక్టర్లూ వాడిందే. వయసు మీదపడే కొద్దీ రక్తనాళాలు బిరుసెక్కుతాయి, బీపీలో పై సంఖ్య పెరుగుతుంది. బిరుసు నాళాల్లో రక్తం నడవాలంటే ఆ మాత్రం ఒత్తిడి ఉండాలిలే అనుకునేవారు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు 1941లోనే బీపీ 188/105. 1944లో గుండె డాక్టరు చూసేసరికి గుండె పెద్దదైపోయి ఉంది. 1945 ఏప్రిల్ 12న తలనొప్పి అంటూ కుప్పకూలాక కొలిస్తే 300/190. మెదడులో రక్తస్రావం. అదే రోజు పోయారు, అప్పటికి వయసు 63. పనికొచ్చే మాత్రలు అప్పట్లో లేకపోవడమూ ఆయన దురదృష్టమే.

మాత్రలు వచ్చాక ఈ లెక్కను పరీక్షించి చూశారు. 1991లో ఫలితాలొచ్చిన షెప్ అధ్యయనంలో 60 ఏళ్లు దాటిన 4,736 మందిని తీసుకున్నారు. వాళ్లకు పై సంఖ్య 160 పైన, కింది సంఖ్య మాత్రం 90 లోపే. వాళ్లలో మందు వాడినవారికి పక్షవాతం 36 శాతం తగ్గింది. 2008 నాటి హైవెట్ అధ్యయనం ఏకంగా 80 దాటినవాళ్ల మీదే. పై సంఖ్య 160, ఆ పైన ఉన్నవాళ్లు. మన మెసేజ్ ప్రకారమైతే వాళ్లకు 180 దాకా నార్మల్! మందు వాడిన గుంపులో మరణాలు 21 శాతం తక్కువ ఉండటంతో ఆ అధ్యయనాన్ని ముందే ఆపేశారు. అన్నట్టు, ఇదే లెక్కన ఇరవై ఏళ్ల కుర్రాడికి 125 ఉన్నా జబ్బే అనాలి. ఆ ముక్క మెసేజ్‌లో ఉండదు.

బాగా నీరసించిన పెద్దవాళ్లకు, లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లకు డాక్టరే పట్టు కాస్త సడలిస్తారు. అది మనిషిని చూసి తీసుకునే నిర్ణయం.

కంపెనీల కుట్ర అంటారా? షెప్ అధ్యయనం వెనక ఉన్నవి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు. అందులో మొదట ఇచ్చిన మాత్ర క్లోర్‌థాలిడోన్, అప్పటికే ఏళ్లనాటి పాత మందు.

ఇక, ఇబ్బంది లేదు కాబట్టి జబ్బు లేదనడం. ప్రపంచంలో బీపీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తెలియనిది ఇబ్బంది లేకపోవడం వల్లే.

జీవితాంతం వాడాలన్నది చాలామంది విషయంలో నిజమే. కానీ అది అలవాటుపడటం కాదు. మాత్ర ఆపితే బీపీ మళ్లీ పాత చోటికే వస్తుంది, అంతే. బరువు, ఉప్పు తగ్గించుకున్న కొందరికి డోసు తగ్గుతుంది కూడా. సొంతంగా ఉన్నపళంగా మానేస్తేనే ముప్పు, కొన్ని రకాల మాత్రలు అలా ఆపితే బీపీ ఎగదన్నుతుంది.

కిడ్నీల మాటకొస్తే, ఇది పూర్తిగా తలకిందుల వాదన. కిడ్నీలో వడపోత చేసేవి వెంట్రుక కన్నా సన్నటి నాళాల చుట్టలు. ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడి పడితే అవే ముందు గట్టిపడి మూసుకుపోతాయి. మరి ఈ భయం ఎక్కడిది? రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో రక్తంలో క్రియాటినైన్, అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం, కొద్దిగా పెరగవచ్చు. అందుకే కొన్ని వారాలకు రక్తపరీక్ష చేయించమంటారు. మూత్రంలో ప్రోటీన్ పోతున్న షుగర్ రోగులకు కిడ్నీలు కాపాడటానికి ఇచ్చేవీ ఇవే. ఈ మాత్రలంటే భయపడేవాళ్లే మోకాళ్ల నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా కొనుక్కుని నెలల తరబడి మింగేస్తుంటారు. అవి బీపీనీ పెంచుతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి.

చివరిది, ఆస్పత్రి టెన్షన్. ఇందులో సగం నిజముంది, కొందరికి తెల్లకోటు చూడగానే బీపీ పెరుగుతుంది. తేల్చుకోవాలంటే ఇంట్లో వారం రోజులు ఉదయం, సాయంత్రం చూసుకోండి. ఐదు నిమిషాలు వీపు ఆనించి ఊరికే కూర్చుని, పట్టీ కట్టిన చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా రెండుసార్లు కొలవాలి. సగటు 135/85 లేదా ఆ పైన ఉంటే అది టెన్షన్ కాదు, బీపీయే. రాసుకున్న ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.