ఫ్రిహిలియానాకు గంట చాలదు

స్పెయిన్‌లోని ఫ్రిహిలియానా అనే కొండ ఊరిని నెర్హా బీచ్ నుంచి వెళ్లి గంటలో చూసి వచ్చేయొచ్చని కొందరు రాశారు, నేను ఒప్పుకోను. 6 కిలోమీటర్లే, బస్సుంది, నిజమే. కానీ ఆ సున్నం గోడల ముందు ఫొటోలు దిగి వచ్చేస్తే ఊరు చూసినట్టు కాదండీ. పాత మొరిస్కోల (బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లింల) పేటలో మెట్లెక్కుతూ పోతే గోడలకు పింగాణీ పలకలు కనిపిస్తాయి, 1569లో పక్క కొండ మీద మొరిస్కోలు రాజు సైన్యంతో పోరాడి ఓడిపోయిన కథంతా వాటి మీదే ఉంది, ఆగి చదవాలి. ఎల్ ఇంహేనియో అనే పాత భవనంలో ఇప్పటికీ చెరకు పాకం తయారవుతుంది. ఆ పాకం పోసిన వంకాయ వేపుడు తప్పకుండా తినండి, చాలా బాగుంటుంది. ఆగస్టులో అయితే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం ఎండలో ఆ మెట్లు పెద్దవాళ్ల వల్ల కాదు.