మా ఇంటి కేబుల్ ఆపరేటర్

నెలనెలా చందా కట్టి ఎవరి సర్వర్‌లోనో ఉన్న బొమ్మ చూడటం ఆత్మగౌరవం గల గృహస్థుకు తగదని నిశ్చయించుకుని, విజయవాడ సత్యనారాయణపురంలోని విండోస్‌కు బదులు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే మా ఇంటి కంప్యూటర్‌లో, సొంత వీడియోలను ఇంటి టీవీకి పంపే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రతిష్ఠించాను. ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ 2018లో తన సోర్స్‌కోడ్‌కు తలుపులు మూసేస్తే, అలిగినవాళ్ళు వేరుకాపురం పెట్టి నడుపుతున్న ఉచిత సర్వర్ ఇది. ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవారికి ఈ చరిత్ర వివరించనక్కర్లేదు.

టెర్మినల్‌లో ఒక్క ఆదేశంతో పని ముగిసింది. బ్రౌజర్‌లో దాని చిరునామా లోకల్‌హోస్ట్:8096 అని కొట్టగానే గుమ్మం తెరుచుకుంది. చెల్లెలి పెళ్ళి వీడియోల ఫోల్డర్ చూపిస్తే మాత్రం లైబ్రరీ ఖాళీ అంది. అరగంటకు బోధపడింది: ఈ సర్వర్ నా పేరున కాక జెల్లీఫిన్ అనే సొంత యూజర్ పేరున నడుస్తుంది, ఉబుంటు చూస్తే 21.04 వెర్షన్ నుంచి యూజర్ సొంత ఫైళ్ళుండే హోం ఫోల్డర్‌లోకి పరాయివాళ్ళను రానివ్వడం మానేసింది. అంటే ఇల్లరికం తెచ్చుకున్న అల్లుణ్ణి వీధి అరుగు మీదే కూర్చోబెట్టానన్నమాట. వీడియోలన్నీ బయటి డైరెక్టరీకి మార్చి, చదువుకునే అనుమతి రాసిచ్చి, అల్లుణ్ణి సగౌరవంగా లోపలికి పిలిచాను.

వచ్చినవాడు ఊరుకోలేదు. లైబ్రరీ రకం 'హోం వీడియోలు' అనకుండా నేను 'సినిమాలు' అన్న పాపానికి, ఇంటర్నెట్ గాలించి, పేరు కాస్త కలిసిన ఏదో విదేశీ చిత్రం పోస్టరు తెచ్చి పెళ్ళి వీడియోకు అంటించాడు. తుపాకీ పట్టుకున్న ఆ దొరను చూసి "ఈయన మగపెళ్ళివారి తరఫా?" అని అమ్మ అడిగింది.

ఇక ఈ వీడియోలున్న హెచ్ఈవీసీ అనే కొత్తరకం ఫార్మాట్ మా పాత టీవీకి అర్థం కాదు. అందుకని సర్వర్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రామ్‌ను పిలిచి, ప్రతి ఫ్రేమునూ విప్పి పాత ఫార్మాటైన హెచ్.264లో మళ్ళీ అల్లి పంపుతుంది. ఆ చాకిరీని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే మార్గం ఉందని తెలిసినా, సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేయడం నేను వాయిదా వేశాను. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, బెజవాడలో, ప్రాసెసర్ చేత ఊడిగం చేయించిన పుణ్యం నాదే. చందా మిగిలిందని నలుగురికీ చెప్పుకుంటున్నాను. కరెంటు బిల్లు ఎవరికీ చూపించడం లేదు.

నిన్న గవర్నరుపేట ఆఫీసులో మీటింగులో ఉండగా అమ్మ ఫోను.

"అబ్బాయీ, జీలకర్ర-బెల్లం దగ్గర బొమ్మ ఆగిపోయింది. కేబుల్ వాడైతే ఈపాటికి వచ్చేవాడురా."

గంట పర్మిషన్ పెట్టి బయలుదేరాను.