హెచ్.టి. సోఫా

మా ఇంట్లో సోఫా ప్రస్తావన సంక్రాంతికి మొదలై, ఉగాదికి వాయిదా పడి, వినాయక చవితికి మళ్లీ లేచింది. తిరుపతి కొర్లగుంటలో మా మిద్దె మీద సాయంత్రం పూట చల్లగాలికి కూర్చోవడానికి ఒక సోఫా ఉంటే బాగుంటుందని మా ఆవిడ కోరిక. అంగడికి వెళ్లి ధర కనుక్కున్నాక, నేల మీద చాప ఆరోగ్యానికి ఎంత మంచిదో నాకు తెలిసొచ్చింది. అదే మాట ఇంట్లో చెప్పాను. "కూర్చోవడం సరే, లేవగలరా?" అంది.

అప్పుడే ఫోన్‌లో ఆ వీడియో కంటబడింది. తెల్లగడ్డం ఆయన ఒకడు పాత చెక్క ప్యాలెట్లు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పరుపేసి, పక్కన రెండు పూలకుండీలు పెట్టి 3 నిమిషాల్లో సోఫా చేసేశాడు. చెమట కూడా పట్టలేదు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

ప్యాలెట్ అంటే మరేం లేదు. ఫ్యాక్టరీల్లో సరుకు పెట్టెల కింద పెట్టే చెక్క చట్రం. పైనా కిందా పలకలు, మధ్యలో దిమ్మలు. ఫోర్క్‌లిఫ్ట్ తన రెండు కొమ్ములూ ఆ సందులోకి దూర్చి, మీదున్న సరుకంతా ఒకేసారి లేపేస్తుంది. ఇటు రేణిగుంట, గాజులమండ్యం, అటు శ్రీసిటీ ఫ్యాక్టరీలు ఉన్నాక మనకు వీటికేం కొదవ? సరుకు దిగాక కొన్ని వచ్చిన దారినే వెనక్కి పోతాయి, మిగిలినవి పాత సామాన్ల అంగడికి చేరతాయి. అక్కడ వీటిని ప్యాకింగ్ చెక్క అంటారు.

రేణిగుంట దగ్గర అలాంటి అంగడి ఒకటి వెతుక్కుంటూ పోయాను. ఓనరు వ్యాపారమంతా రెండు ముక్కల్లో చెప్పేశాడు. "బాగుండేవి రిపేరీ చేస్తే మళ్లీ కంపెనీలకే పోతాయి సామీ. బొత్తిగా ఇరిగిపోయినవి ఇటుకల బట్టీకి."

"మరి ఈ మధ్యరకం?"

"మధ్యరకం మీలాంటోళ్లకి."

ఆ మాటలో శ్లేష ఉందని ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. పీసు 150 రూపాయల చొప్పున 8 తీసుకున్నాను, మొత్తం 1200. ఒక్కోటి పొడవు 1200 మిల్లీమీటర్లు. రూపాయికి 8 మిల్లీమీటర్లు, అంటే వెడల్పంతా ఉచితం అని లెక్క వేసుకుని మరీ మురిసిపోయాను. వాటిలో రెండింటికి ఎర్ర రంగు పూసి ఉంది. ఫ్యాక్టరీలో పనికిరాదని పక్కన పెట్టిన సరుకుకు ఎరుపు గుర్తట. అందంగా ఉన్నాయని వాటిని ఏరి మరీ తీసుకున్నాను.

సాయంత్రం వస్తానన్న లగేజీ ఆటో రాత్రి 9 దాటాక వచ్చింది. వాన తుంపర పడుతోందని డ్రైవరు పైన టార్పాలిన్ కప్పి, తాళ్లతో బిగించి కట్టాడు. కరకంబాడి రోడ్డు మీదుగా వస్తున్నాం. తిరుపతి వాళ్లకు ఇంతకు మించి చెప్పక్కర్లేదు. బయటి ఊళ్ల వాళ్లకు మాత్రం చెప్పాలి. ఎర్రచందనం దానంతట అది పెరిగేది శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండల్లోనే. రాత్రి, కొండ పక్క రోడ్డు, ఆటో, టార్పాలిన్, కింద కట్టె. ఈ ఐదూ కలిస్తే ఏ పోలీసుకైనా విజిల్ దానంతట అదే నోట్లోకి వస్తుంది.

"యాడ నుంచి వస్తా ఉండారు? ఏముంది లోపల?"

"చెక్క సార్" అన్నాను. చెప్పకూడని సమయంలో నిజం చెప్పడం నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బు.

కానిస్టేబుల్ టార్పాలిన్ ఎత్తి టార్చి వేశాడు. వెలుగు సరిగ్గా ఆ రెండు ఎర్రవాటి మీదే పడింది. వెంటనే ఇంకో ఇద్దరు వచ్చారు. డ్రైవరు నాకు రెండడుగులు దూరం జరిగి, "నేను కిరాయికి వచ్చినాను సార్, ఈయనెవరో నాకు తెలీదు" అన్నాడు. అంతదాకా దారిపొడవునా వాళ్ల అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజుల గురించి నాతో కష్టం చెప్పుకున్న మనిషి!

"సోఫా చేసుకుందామని తెచ్చాను సార్."

"ఎర్రచందనంతో సోఫానా?"

"కాదు సార్, అది పెయింటు."

వాళ్లలో పెద్దాయన ఒకాయన మాట్లాడకుండా వచ్చి, ఊగులాడుతున్న ఎర్ర దిమ్మ ఒకటి పీకి, పక్కనే ఉన్న టీ కొట్టు బకెట్లో వేశాడు. అది బుడుంగున మునిగి, మళ్లీ పైకి తేలి, గ్లాసుల మధ్య బాతులా తిరగసాగింది. "చందనమైతే మునిగిపోవాల. ఇది ఉత్త పైన్ కట్టె, పోనీయండి" అన్నాడాయన. అసలైన ఎర్రచందనం చేవ నీళ్లకంటే బరువట. ఒక చెక్క ముక్క నీళ్ల మీద తేలినందుకు నేనంత సంతోషించడం అదే మొదలు. టీ కొట్టాయన మాత్రం, "గ్లాసులు కడిగే నీళ్లలో కట్టెలేస్తారేంది సామీ" అని నన్నే తిట్టాడు. వాళ్లు నా పేరూ అడ్రసూ రాసుకుని వదిలేశారు. మొదట టార్చి వేసిన కానిస్టేబుల్ ఆటో కదులుతుంటే దగ్గరికొచ్చి, "పీసు ఎంత పడింది?" అని మెల్లగా అడిగాడు.

మర్నాడు పొద్దున్నే మా మామగారు మిద్దె ఎక్కారు. కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఒక ప్యాలెట్ పక్క దిమ్మ మీద కాల్చి వేసిన ముద్ర ఉంది. గోధుమ కంకి బొమ్మ, పక్కన దేశం గుర్తు, కింద ఇంగ్లీషులో హెచ్.టి. అని రెండు పెద్దక్షరాలు. ఆయన అది చదివి ఒక్క గెంతులో వెనక్కి వచ్చారు.

"నాయనా, ముట్టుకోవద్దు! హెచ్.టి. అంటే హైటెన్షన్! ఇది లైన్ల కాడి సామాను!"

హీట్ ట్రీట్‌మెంట్ అని నేను చెబుతూనే ఉన్నాను. చెక్కలో దాక్కున్న పురుగులు సరుకుతో పాటు దేశాలు దాటకుండా, లోపలి గర్భం దాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు పట్టించారని దాని అర్థం. ఆయన వినలేదు. చొక్కా జేబులోంచి టెస్టర్ తీసి, చేయి బారుగా చాపి, మొహం పక్కకు తిప్పుకుని ఒక మేకు తలకు ఆనించారు. లైటు వెలగలేదు. "ఇప్పుడు సప్లై లేదేమో" అన్నారు.

ఇంకో దాని మీద ఎం.బి. అని ఉంది. తొమ్మిదో తరగతి చదివే మా వాడు "ఎన్ని ఎం.బి. నాన్నా?" అన్నాడు. అది మిథైల్ బ్రోమైడ్. పురుగులు చావడానికి పట్టించే విషవాయువు. అలాంటి చెక్కను ఇంట్లో వాడకపోవడమే మంచిది, పొయ్యిలో అసలు పెట్టకూడదు. దాన్ని మిద్దె మూలకు తోసేశాను. 150 రూపాయలు అలా మూలన పడ్డాయి.

ఇక విప్పడం. ఆ మేకుల గురించి కాస్త చెప్పాలి. అవి మనం గోడకు క్యాలెండర్ కోసం కొట్టే రకం కాదు. ఒళ్లంతా మెలికలు తిరిగి ఉంటాయి. దిగేటప్పుడు తిరుగుతూ దిగుతాయి, వచ్చేటప్పుడు తిరగమంటాయి. యూరప్ వాళ్ల ప్రామాణిక ప్యాలెట్‌కు లెక్క ప్రకారం 78 మేకులు. నావి దేశవాళీవి. వీటికి లెక్కేమీ లేదు, కొట్టినవాడికి ఆ రోజు ఎంత కోపముంటే అన్ని. గడారు మొన పలక కిందికి దూర్చి బలమంతా వేస్తే, కిర్రుమని ఏడ్చి, మేకు ఉన్నచోటే ఉండి, పలక మాత్రం నిలువునా చీలిపోయింది. ఆదివారం సాయంత్రానికి 14 మేకులు వచ్చాయి, 9 పలకలు పోయాయి. నా కుడి అరచేతిలో ఒక పేడు దిగి, పిన్నీసుతో మా ఆవిడ తవ్వుతుంటే హైటెన్షన్ అంటే ఏమిటో నాకూ అర్థమైంది.

రెండో ఆదివారం వడ్రంగి ఆచారిని పిలిచాను. ఆయన పలకను గోటితో గీకి, నావైపు జాలిగా చూశాడు.

"మేకులు పీక్కూడదు సార్. సందులో బ్లేడు పెట్టి కోసేయాల. తలకాయ ఉండేది పలకలో ఉండిపోతాది. దాని మీద చిత్రిక పడితే నా చిత్రిక పోతాది. కట్టె మీకు చవగ్గా వచ్చింది గానీ నా బ్లేడు చవగ్గా రాలేదు గదా."

కూలి ఎంతని అడిగితే చెప్పాడు.

"ఆ డబ్బుకు సోఫానే వస్తుందే ఆచారీ!"

"అదే సార్ నేనూ చెప్తాండేది."

సరే, తెచ్చిన చోటే అమ్మేద్దామని అంగడికి ఫోన్ చేశాను. అప్పటికి మూడు విప్పాను, ఐదు మిగిలాయి. విప్పనివైతే పీసు లెక్క, విప్పినవైతే కేజీ లెక్క అన్నాడు. ఎర్రవి మాత్రం తీసుకోడట, ఆ రంగు చూస్తే కంపెనీ గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారట. మరి నాకెందుకు అమ్మావయ్యా అంటే, "మీరే ఏరుకున్నారు గదా సామీ" అన్నాడు. పలకలకు కేజీ 4 రూపాయలు, అదీ మేకులు తీసి ఇస్తే. మేకులు తీయగలిగితే నీకెందుకు ఇస్తాను? పైగా వచ్చే మొత్తానికి ఆటో బాడుగ కూడా చాలదు.

అలా ఉండగానే నవంబరు వానలు పట్టుకున్నాయి. ఊరి నుంచి బియ్యం, చెనిక్కాయల మూటలు దిగాయి. కింది గదిలో నేలంతా చెమ్మ. మా అమ్మ ఎవరినీ అడగలేదు. మా వాడితో ప్యాలెట్లు నాలుగు దింపించి, గది నిండా పరిపించి, మూటలన్నీ వాటి మీదకు ఎక్కించింది. "కింద గాలి ఆడతాది, ఎలకలు దూరితే కనబడతాయి. దీన్ని ఎవుడు చేసినాడో గానీ తెలివైనోడు" అంది. నేను ఏమీ అనలేదు. విప్పిన పలకలు నీళ్లు కాగబెట్టుకోవడానికి పనికొస్తున్నాయి, ఒక్కోరోజు ఒక్కో పలక, హెచ్.టి. ముద్ర ఉన్నవి మాత్రమే. బూడిదలో మేకులు వాటంతటవే దొరుకుతున్నాయి.

మొన్న ఆదివారం గేటు చప్పుడైతే తీశాను. ఆ రాత్రి టార్చి వేసిన కానిస్టేబుల్, లుంగీలో. నా గుండె జారిపోయింది. "అడ్రసు రాసుకున్నాం గదా సామీ, అట్ల వచ్చినా" అంటూ లోపలికి వచ్చి, వేరే చోటు లేక బియ్యం మూట మీద కూర్చున్నాడు. కుడి అరచేతికి గుడ్డ కట్టి ఉంది, గుడ్డ మీద పసుపు మరక.

"మా ఇంటామె కూడా ఆ వీడియో చూసింది. ఇంతకీ ఆ మేకులు ఎట్ల పీకినారు సామీ?"

"మీరెన్ని కొన్నారు సార్?"

"పన్నెండు" అన్నాడు.

రెండు కాఫీలు పెట్టమని లోపలికి కేకేశాను.