రాబడి సరే, సంప్రదింపు ఏదీ?

కోట్లమంది మాట్లాడుకునే వేదికను నడపాలంటే సర్వర్లకు, సిబ్బందికి డబ్బు కావాలి కనుక, రెడ్డిట్ వంటి సంస్థ కొత్త రాబడి వెతుక్కోవడాన్ని మేము ఆక్షేపించడం లేదు. 2023లో 80 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం గడించి కూడా ఆ సంస్థ 9 కోట్ల డాలర్ల మేర నష్టం చూపింది. ఆక్షేపించవలసింది ఆ వెతుకులాట సాగిన తీరును.

తన సమాచారాన్ని వాడుకునే బయటి యాప్‌లు ఇకపై రుసుము కట్టాలని ఆ ఏడాది ఏప్రిల్‌లో చెప్పిన రెడ్డిట్, అసలు ధరను మాత్రం అమలుకు సుమారు నెల రోజుల ముందు బయటపెట్టింది. ఆ లెక్కన ఏటా 2 కోట్ల డాలర్లు కట్టాల్సి వస్తుందని తేల్చుకున్న, రెడ్డిట్ చర్చలు చదవడానికి వాడే అపోలో అనే బయటి యాప్ రూపకర్త, జూన్ 30న దాన్ని మూసేశారు. రూపాయి ప్రతిఫలం లేకుండా రెడ్డిట్‌లోని చర్చలను చక్కదిద్దే స్వచ్ఛంద నిర్వాహకులు, జూన్ 12 నుంచి వేలాది చర్చా విభాగాలకు తాళం వేసి నిరసన తెలిపారు. చూపులేనివారికి ఆసరాగా ఉన్న లాభాపేక్ష లేని యాప్‌లకు మినహాయింపు సైతం గగ్గోలు పుట్టాకే దక్కింది. ఆ అవసరాన్ని ముందే అడిగి తెలుసుకోవడానికి పైసా ఖర్చయ్యేది కాదు.

అయినా వేదిక కూలలేదు. 2024 మార్చిలో కంపెనీ షేర్లు న్యూయార్క్ మార్కెట్లోకి వచ్చాయి. అంతకు ముందు నెలలోనే, కృత్రిమ మేధ శిక్షణకు పనికొచ్చేలా సభ్యుల రాతలను గూగుల్‌కు అందించే ఒప్పందాన్ని ప్రకటించింది. సభ్యులను నొప్పిస్తే నష్టం తప్పదన్న వాదనను మార్కెట్ నిజం చేయలేదని ఒప్పుకోవాలి. అంతమాత్రాన, ఆ రాతలు రాసినవారికీ వాటిని శుభ్రంగా ఉంచినవారికీ ఒప్పందంలో మాట లేకపోవడం న్యాయమైపోదు. నిర్వాహకుల్లో, పాత సభ్యుల్లో కొందరికి తొలి ధరకు షేర్లు కొనుక్కునే అవకాశం ఇచ్చారు నిజమే. కొనుక్కోమనడం వాటా ఇవ్వడం కాదు.

వికీపీడియా దారి వేరు. ప్రకటనలు వస్తాయేమోనన్న అనుమానంతోనే 2002లో స్పానిష్ రచయితలు పలువురు విడిపోయి సొంత విజ్ఞాన సర్వస్వం పెట్టుకున్నారు. నేటికీ వికీపీడియాలో ప్రకటన కనిపించదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా సహా అన్ని భాషల వికీపీడియాలకూ విరాళాలే ప్రధాన ఆధారం. ఆ విరాళాలు అడిగే తీరూ మచ్చలేనిది కాదు. విజ్ఞాపనలోని మాటలు పాఠకులను తప్పుదారి పట్టిస్తున్నాయని 2022 చివర్లో ఆంగ్ల వికీపీడియా రచయితలే అభ్యంతరపెట్టగా, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ వాటిని మార్చుకుంది. 2021లో ప్రకటించిన ఎంటర్‌ప్రైజ్ సేవ ద్వారా, భారీగా సమాచారం తోడుకునే కంపెనీల నుంచి రుసుము తీసుకుంటూ, సాధారణ పాఠకుడికి అంతా ఉచితంగానే ఉంచింది.

రెడ్డిట్ సైతం కృత్రిమ మేధ కంపెనీలకు ఒక ధర, సభ్యులు వాడే చిన్న యాప్‌లకు మరో ధర పెట్టి, కనీసం ఆరు నెలల గడువిచ్చి, నిర్వాహకులతో ముందే చర్చించి ఉంటే, అపోలో మూతపడకుండానే గూగుల్ సొమ్ము వచ్చి ఉండేది.