మా ప్రహరీ గోడ మీది ఎర్ర బాణం గారికి

మహారాజశ్రీ ఎర్ర బాణం గారి సముఖమునకు,

రోడ్డు వెడల్పుకు మా జాగా ఎన్నడుగులు పోతుందో చెప్పడానికి తమరు కొలువైన గోడ తాలూకు ఇంటి కోడలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు, గేటు తీసినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. మంగళవారం పొద్దున రంగు డబ్బాతో వచ్చిన కుర్రాడు మిమ్మల్ని మళ్లీ దిద్ది వెళ్లాక మరీ నిగనిగలాడిపోతున్నారు. అడుగున రంగు కారి గేటు ముందు వేసిన ముగ్గులోకి దిగింది. అది కిరోసిన్‌కు కూడా లొంగలేదు. దానికి నేనేమీ అనుకోలేదు. వెళ్తూ వెళ్తూ వాడు అంకె మార్చాడు చూడండి, అక్కడే నాకు మండింది. నిన్నమొన్నటిదాకా 9 అడుగుల వారైన తమరు ఇప్పుడు 14 అడుగుల వారయ్యారు. మా ఇంట్లో పెరిగిన పిల్లలెవరూ ఇంత చప్పున ఎదగలేదు.

"ఏంది బాబూ ఇది?" అని అడిగితే, "నాకేం తెల్వదమ్మా, చిట్టీల గిట్లనే ఉంది" అని జేబులోంచి తీసి చూపించాడు. మా ఇంటి నంబరు, పక్కన 14, దాని మీద టీ మరక. అంతే.

ఆ మధ్యాహ్నమే తమ పుట్టింటికి వెళ్లాను. ఏ ఆఫీసో పేరెందుకులెండి, మీకూ తెలుసు, ఇది చదివేవాళ్లకూ తెలుసు. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఫ్యాను తిరుగుతోంది, కుర్చీ వీపున టవలు ఉంది, సారు లేరు. "సార్ ఫీల్డ్ మీదికి పోయిండు" అన్నారు. కాసేపయ్యాక "సార్ మీటింగ్ల ఉన్నడు" అన్నారు. భోజనాలయ్యాక అదే అటెండరు తాపీగా, "ఆ సార్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది గదమ్మా, కొత్త సార్ ఇంక జాయిన్ గాలే" అన్నాడు. గోడకు మాత్రం ఇంత పెద్ద మాస్టర్ ప్లాన్ మ్యాపు ఉంది. ఇళ్లున్న చోట పసుపు, పార్కులున్న చోట ఆకుపచ్చ, చెరువులకు నీలం, కళ్లకు పండగే. మా వీధి ఉండాల్సిన చోట ఎవరో మేకు కొట్టి క్యాలెండరు తగిలించారు.

ఇంటికొచ్చి టేపు తీశాం. మాది తూర్పు ముఖం ఇల్లు. వంటిల్లు ఆగ్నేయంలో, అంటే వీధి వైపే. ప్రహరీ నుంచి ఇంటి గోడకు పదడుగుల ఖాళీ ఉంది. తమరు చెప్పిన 14 అడుగులు కొలిస్తే టేపు ఇంటి గోడ దాటి, వంటింట్లో నాలుగడుగులు నడిచి, గట్టు దాటాక ఆగింది. నేను తూర్పుకు తిరిగి వండే పొయ్యి రోడ్డు మీద ఉంది. ఫ్రిజ్జు ఇంట్లో ఉంది. అంటే పాలు ఇంట్లో తీసుకుని, రోడ్డు మీద కాచుకుని, లోపలికొచ్చి తాగాలన్న మాట. వాస్తు పేరు చెప్పి ఆర్కిటెక్టు గీసిన ప్లానును అటు తిప్పి ఇటు తిప్పి, మెట్లు పీకించి, బావి పూడ్పించిన సిద్ధాంతిగారు ఈ శూల సంగతి మాత్రం చెప్పలేదు. వీధిపోటుకు వినాయకుణ్ణి పెట్టుకోమన్నారు. గోడపోటుకు ఎవర్ని పెట్టుకోవాలి?

ఆ పదడుగుల ఖాళీ మా మామయ్యగారు వదిలింది. ఆయన మీకు బయటివారు కారు, టౌన్ ప్లానింగ్‌లోనే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. టీ-స్క్వేరు ఇప్పటికీ బీరువా పక్కన నిలబెట్టే ఉంటుంది. ట్రేసింగ్ కాగితం మీద ఇంకు గీత తప్పితే బ్లేడుతో మెల్లగా గీకి, చోటు నున్నగా చేసి, మళ్లీ గీసేవారట. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ, "ముందుకు జరుపుదాం సార్, పక్కోళ్లందరూ జరిపిండ్రు" అంటే, "రేపు రోడ్డు వెడల్పు చెయ్యాల్సి వస్తే?" అని ఒప్పుకోలేదు. వీధి మొత్తంలో మీ కోసం చోటు ఉంచి కట్టిన ఇల్లు ఇదొక్కటే. మీరు వచ్చి నేరుగా ఆయన కంచం దగ్గర కూర్చున్నారు.

తమ వంశం ఎలాంటిదో తమకు ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పి ఉంటే ఇలా తయారయ్యేవారు కారు. 1908 సెప్టెంబరు 28న మన హైదరాబాదులో మూసీ పొంగి వేల మందిని పొట్టన పెట్టుకుంది. మరుసటేడు విశ్వేశ్వరయ్యగారిని పిలిపిస్తే, పైనుంచి వచ్చే నీళ్లను ఎగువనే ఆపాలి అని చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ లేచాయి. ఇంజనీరు చెప్పడమూ, సర్కారు కట్టడమూ ఒకే జీవితకాలంలో జరిగిపోయిన రోజులవి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు, అదే ఆరాయిష్ బల్దా. వాళ్లూ పడగొట్టారు, కాదనను. కానీ పత్తర్‌గట్టి వెళ్లి చూడండి. అక్కడ రోడ్డు వేసి చేతులు దులుపుకోలేదు, రెండు పక్కలా రాతి కమానులతో దుకాణాలు, వాటి పైన ఇళ్లు కట్టారు. ఎండ నడినెత్తిన ఉన్నా ఆ కమానుల కింద నీడనే నడిచి పెళ్లి బట్టలు కొనుక్కుంటున్నాం ఇవాళ్టికీ. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ రాయి కూడా అలాగే ఉంది. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషాయన మూసీకి ఆ ఒడ్డున హైకోర్టు, ఈ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఎదురెదురుగా నిలబెట్టాడు.

తర్వాతి తరంలో మహమ్మద్ ఫయాజుద్దీన్. మా మామయ్య ఆ పేరెత్తితే చివర 'సాబ్' చేర్చకుండా ఉండరు. (మీ పేరెత్తినప్పుడు ఏం చేరుస్తారో ఇక్కడ రాయడం మర్యాద కాదు.) ఆర్కిటెక్టూ ఆయనే, టౌన్ ప్లానరూ ఆయనే. రవీంద్రుడి శతజయంతికి, 1961లో తయారైన రవీంద్రభారతి ఆయన గీసిందే. అవార్డు ఫంక్షన్లో వక్తలు మైకు వదలనప్పుడల్లా నేను ఆ హాలునే చూస్తూ కూర్చుంటాను. మామయ్య ఎప్పుడూ అనే మాట ఒకటుంది: "ఇల్లు గీసిన చెయ్యి రోడ్డు గీస్తే, తలుపు ఎక్కడుందో దానికి గుర్తుంటది." మిమ్మల్ని గీసిన చెయ్యి ఏనాడైనా ఒక తలుపు గీసిందా? ఒక కిటికీ? పోనీ, ఒక స్టూలు?

ఆ పైన కాగితాల కాలం వచ్చింది. 1975లో మాస్టర్ ప్లానూ, హుడా అనే నగరాభివృద్ధి సంస్థా, 2008లో దాని స్థానంలో హెచ్‌ఎండీఏ, 2012లో ఇళ్లు కట్టే రూల్సతో జీవో 168, 2013లో ఏకంగా 2031 దాకా ప్లాను. హెచ్‌ఎండీఏ పరిధి ఏడు వేల చదరపు కిలోమీటర్లు దాటింది. మా వీధి వెడల్పు ఆనాడూ 22 అడుగులే, ఈనాడూ 22 అడుగులే. మధ్యలో లేఅవుట్ లేని ప్లాట్లు అమ్మినవాళ్లకు, చేసిన తప్పును క్రమబద్ధం చేసిపెట్టే ఎల్‌ఆర్‌ఎస్ వచ్చింది. అంతస్తులు ఎక్కువ వేసినవాళ్లకు అలాంటిదే బీఆర్‌ఎస్ వచ్చింది (పార్టీ కాదు, స్కీము). రూలు ప్రకారం కట్టుకున్నవాళ్లకు మీరు వచ్చారు.

పోనీ, వచ్చినవారు పని చూసుకుని వెళ్తారా అంటే అదీ లేదు. తొమ్మిదడుగుల కాలంలోనే "ఈ వేసవిలో పని మొదలుపెడతాం" అన్నారు. ఆ వేసవి పోయింది, తర్వాతి వేసవుల్లో కేబుల్ వాళ్లు తవ్వారు, డ్రైనేజీ వాళ్లు తవ్వారు, వేసిన రోడ్డును మంచినీళ్ల వాళ్లు మళ్లీ తవ్వారు. తవ్వనిది మీరొక్కరే. మా అబ్బాయి పైన ఒక పోర్షన్ వేద్దామని లోనుకు పెట్టాడు. బ్యాంకు తరఫున వాల్యుయేషన్‌కు వచ్చినాయన లోపలికి కూడా రాలేదు. కాఫీ కలిపాను, తాగలేదు. గేటు దగ్గరే నిలబడి మీ ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. లోను రాలేదు. ఇల్లు అమ్ముదామన్నా మొదట మీరే కనబడతారు, బ్రోకర్ స్కూటర్ కూడా దిగడు. బాగు చేయించుకుందామంటే, "పోయే గోడకు సిమెంటు దేనికి?" అంటారు. తీసుకోరు, వదలరు.

డబ్బు మాట అడిగితే టీడీఆర్ అన్నారు. గజం జాగా పోతే నాలుగు గజాల హక్కు కాగితం మీద ఇస్తారట. ఇంకెక్కడో, ఇంకెవరో కట్టుకునే అంతస్తుకు దాన్ని అమ్ముకోవచ్చట. బాగానే ఉంది. ఆ కాగితం ఎప్పుడిస్తారంటే, జాగా తీసుకున్నప్పుడు. జాగా ఎప్పుడు తీసుకుంటారంటే, పని మొదలైనప్పుడు. పని ఎప్పుడు మొదలవుతుందో కొత్త సారు జాయిన్ అయ్యాక చెబుతారు.

ఇంతవరకూ మర్యాదగానే రాశాను. రాత్రి మామయ్య కళ్లజోడు పెట్టుకుని, టార్చిలైటు, టేపు తీసుకుని వీధిలోకి వెళ్లారు. టేపు ఒక చివర నేను పట్టుకున్నాను. ఎదురింటి గోడ దగ్గర ఆగి, "అమ్మా, ఇటు రా" అన్నారు. ఎదురిల్లు అంటే మీకు తెలుసు, స్టిల్టు మీద అయిదంతస్తులు, పైన రేకుల షెడ్డు, ర్యాంపు సగం రోడ్డు మీదే. ఆ గోడ మీద మీ తమ్ముడుంగారున్నారు. మొన్నటిదాకా ఆయనా 9. మంగళవారం నుంచి 4.

మామయ్య ఒక చిట్టీ వెనక లెక్క రాసి చూపించారు. పాతది: 22, ఇటు 9, అటు 9, మొత్తం 40 అడుగుల రోడ్డు. కొత్తది: 22, ఇటు 14, అటు 4, మొత్తం 40 అడుగుల రోడ్డు. రోడ్డు అంగుళం పెరగలేదు. అటు పోవాల్సిన అయిదడుగులు వీధి దాటి మా వంటింట్లోకి నడిచి వచ్చాయి. రోడ్డు మధ్య గీత నుంచి రెండు పక్కలా సమానంగా కొలిచి గీత పెట్టాలని ఉద్యోగమంతా గీసిన మనిషి, ఆ చిట్టీ చేతిలో పట్టుకుని అరుగు మీద కూలబడ్డారు. "మధ్య గీతనే జరిపిండ్రు గదనే" అన్నారు. ఆయన నన్ను 'గదనే' అని పిలవడం అదే మొదలు.

ఏమనుకుంటున్నావు నువ్వు? నీకు 'గారు' ఒకటి, 'తమరు' ఒకటి! నీ ముఖానికి మొన ఎక్కువ. ఎవరింటి ముందు తలొంచుకోవాలో, ఎవరింట్లోకి దూరాలో నీకు ఎవరు చెప్పారు? ర్యాంపు మీద నాలుగడుగులు, పొయ్యి మీద పద్నాలుగా? వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు ఉంది, దానికి ఆనుకుని పోచమ్మ గుడి ఉంది. రెండింటి మీదా గీత పెట్టే దమ్ము నీ కుర్రాడికీ లేదు, నీ సారుకూ లేదు. నలభై అడుగుల రోడ్డు అక్కడిదాకా వచ్చి ఏం చేస్తుంది? పోచమ్మకు మొక్కి వెనక్కి తిరుగుతుందా? ఎదురింటాయన పొద్దున నన్ను చూసి, "ఏం జేస్తం వదినా, మాస్టర్ ప్లాన్" అని నవ్వాడు. మాస్టర్ ప్లాన్ అట! ఆ మ్యాపు మీద మా వీధి ఉన్న చోట క్యాలెండరు వేలాడుతోందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. క్యాలెండరు కింద ఎవరు ఏ గీత జరిపారో ఎవరికి కనబడుతుంది?

మామయ్య రెండు రోజులుగా బల్ల దగ్గరే ఉన్నారు. మా వీధి మొత్తాన్ని స్కేలుకు గీశారు, ట్రాన్స్‌ఫార్మరూ గుడీ ర్యాంపుతో సహా. పాత మధ్య గీత నల్ల ఇంకుతో, కొత్తది చుక్కలతో. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఒక్కటే ప్రశ్న అడుగుతున్నాం: ఈ వీధి మధ్య గీత ఏ డ్రాయింగు ప్రకారం, ఏ తేదీన, ఎవరి సంతకంతో జరిగింది? ముప్పై రోజుల్లో చెప్పాలి.

ఈసారి జవాబు మా గోడ మీద రాయకు. కాగితం మీద రాయి.

ఇట్లు,
పొయ్యి రోడ్డు మీద, ఫ్రిజ్జు ఇంట్లో ఉన్న గృహిణి