సవరణ: సాంబాలో టీడీబీ ఫైళ్లన్నీ తీసేయకండి

లినక్స్ కంప్యూటర్ నుంచి విండోస్ కంప్యూటర్లకు ఫైళ్లు పంచే సాంబా సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ క్రాష్ అవుతుంటే, అది తన సమాచారం దాచుకునే చిన్న డేటాబేస్‌లైన టీడీబీ ఫైళ్లన్నీ తీసేసి మళ్లీ స్టార్ట్ చేయమని ఇంతకుముందు రాశాం. అది తప్పు. ఫైళ్ల మీద వేసిన తాళాలను (లాక్‌లను) గుర్తుంచుకునే లాకింగ్, బీఆర్‌లాక్ లాంటి టీడీబీ ఫైళ్లు తాత్కాలికం. సర్వీసు ఆపి తీసేసినా మళ్లీ పుడతాయి. సీక్రెట్స్.టీడీబీ అలా కాదు. అందులో సర్వర్ ఎస్‌ఐడీ (సర్వర్‌ను గుర్తించే ప్రత్యేక సంఖ్య), డొమైన్‌కు (ఒకేచోటి నుంచి నడిపే కంప్యూటర్ల సమూహానికి) సంబంధించిన మెషిన్ పాస్‌వర్డ్ ఉంటాయి. అది పోతే డొమైన్‌లో మళ్లీ చేరాల్సిందే. పాస్‌డీబీ.టీడీబీ పోతే అందులోని యూజర్ ఖాతాలు గల్లంతు.

ముందు సర్వీసు ఆపి, టీడీబీ ఫైళ్లున్న ఫోల్డర్లకు కాపీ తీసుకోండి. తర్వాత టీడీబీ ఫైళ్లను పరీక్షించే టీడీబీబ్యాకప్ కమాండ్‌ను ‘మైనస్ వి’ (-v)తో ఒక్కో ఫైలు మీదా నడపండి. చెడిపోయిన ఫైలుంటే పక్కనున్న బ్యాకప్ నుంచి అదే తిరిగి పెడుతుంది, ఆ బ్యాకప్ ముందే చేసి ఉంటేనే సుమా. కెర్నల్ లాగ్‌లో (సిస్టమ్ సందేశాల చిట్టాలో) ఐ/ఓ ఎరర్లు, అంటే డిస్క్ చదవడంలో, రాయడంలో వచ్చే తప్పులు, ఉన్నాయేమో కూడా చూడండి. డిస్కే పోతుంటే ఎన్నిసార్లు బాగుచేసినా ఫైలు మళ్లీ చెడుతుంది.