పాట అయ్యాక ఆ నాలుగు మాటలు

మొన్న ఉగాదికి మన తెలుగు సంఘం పెట్టిన పాటల పోటీలో నేను మార్కులు కూడుతూ కూర్చున్నాను. ఒక తొమ్మిదేళ్ల పాప ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పాట చూసుకుంటూ పాడింది. గొంతు ఎంత బాగుందో! కానీ ‘కళ్ళు’ వచ్చిన ప్రతిచోటా ‘కల్లు’ అంది. మేమెవరం ఏమీ అనలేదు. చప్పట్లు కొట్టాం, అంకె వేశాం, తర్వాతి పేరు పిలిచాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాలుగారైతే ఆ పాపను అలా పంపేసేవారా?

బాలసుబ్రహ్మణ్యంగారిని అందరూ గాయకుడిగానే తలుచుకుంటారు. ఆరు జాతీయ పురస్కారాలు వచ్చిన గొంతు మరి. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ‘పాడుతా తీయగా’ అనే టీవీ పాటల పోటీలో ఆయన కుర్చీ. ఈటీవీ పుట్టిన మరుసటి ఏడాది, 1996లో, అది మొదలైంది. అంత పేరున్న మనిషి యాభయ్యో ఏట పిల్లల పాట వినడానికి కూర్చున్నారు.

పాట అవ్వగానే ఆయన మాట మొదలయ్యేది. రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, రికార్డింగు రోజున ఏం జరిగింది. ఇక్కడ శ్రుతి జారింది, అక్కడ ఊపిరి తీసుకోకూడదు, ఈ మాటలో ఒత్తు పోయింది. తప్పు చెప్పి ఊరుకోకుండా తనే పాడి వినిపించేవారు. తండ్రి సాంబమూర్తిగారు హరికథలు చెప్పేవారు. పాట ఆపి కథ, కథ ఆపి మళ్లీ పాట: ఆ నడక ఆ ఇంట్లోంచే వచ్చిందని నా నమ్మకం.

బాలుగారు కూడా పోటీలో పాడి పైకొచ్చినవారే. మద్రాసులో విని చేరదీసింది సంగీత దర్శకుడు కోదండపాణిగారు. 1966లో సినిమాకు మొదటి పాట ఆయన దగ్గరే పాడారు, తర్వాత తన స్టూడియోకు ఆయన పేరే పెట్టుకున్నారు. ఒక పెద్దమనిషి చెవిన పడితే కుర్రవాడి బతుకు ఎలా మారుతుందో బాలుగారికి తెలుసు. ఎదుట నిలబడ్డ ప్రతి పిల్లనూ అంత శ్రద్ధగా విన్నది అందుకే అనుకుంటాను. ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్, హేమచంద్ర, కారుణ్య ఆ వేదిక మీద నిలబడ్డవాళ్లే.

మన సంఘాలు ఆ కార్యక్రమం చూసి పోటీని తెచ్చుకున్నాయి, మాటలను మాత్రం వదిలేశాయి. టైం లేదంటారు. నిజమే, నలభై మంది పిల్లలు, గంటల లెక్కన హాలు అద్దె. అందరి ముందూ తప్పు చెబితే పిల్లలు చిన్నబుచ్చుకుంటారని ఇంకొందరి భయం. బాలుగారు చెప్పినప్పుడు చిన్నబుచ్చుకున్న పిల్లలు నాకు కనిపించలేదు. ముందు మెచ్చుకుని, తర్వాత దిద్దేవారు. ఇక్కడి పిల్లలకు ఇల్లు దాటితే తెలుగు వినిపించదు. ళ వేరు, ల వేరు అని మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

మార్కుల కాగితాలు పక్కన పెడదాం. పాట తెలుగు అక్షరాల్లో రాసుకుని రమ్మందాం. చదవడం రాని పిల్లలకు పోటీకి ముందు నెల రోజుల్లో మనమే నేర్పుదాం. పాడేముందు రాసినవారి పేరు పిల్లల నోటే చెప్పిద్దాం. పాట అయ్యాక మూడు నిమిషాలు వాళ్లతో మాట్లాడదాం.

దసరా పోటీకి పదిహేను మందినే తీసుకుందామని, మిగతావాళ్లకు సంక్రాంతికి ఇంకో రోజు పెడదామని కమిటీలో అడిగాను. ఇంకా ఒప్పుకోలేదు. ఈ ఆదివారం మళ్లీ అడుగుతాను.